శేషములు చెప్పు సంఖ్య

కరీంనగరు జిల్లాలో గంగాధర అను గ్రామము కలదు. ఇప్పుడది మండల కేంద్రము. వేయి సంవత్సరములకు పూర్వము, వేములవాడ చాళుక్యుల పాలనలో, సోమదేవసూరి అను జైనాచార్యుడు యశస్తిలకమను సంస్కృత చంపూకావ్యమును ఈ గంగాధరలోనే ముగించెనని చరిత్రకారులు చెప్పుదురు. గ్రంథము ముగిసిన కాలమును కవి స్వయముగా తెలిపియున్నాడు. అప్పటికి శకవర్షములు 881 గడచినవి. అది సిద్ధార్థి సంవత్సరము, చైత్రమాసము, త్రయోదశి. క్రీస్తుశకమున అది 959వ సంవత్సరము.

ఏడేండ్ల తరువాత అదే సోమదేవునకు వేములవాడ రాజగు అరికేసరి ఒక గ్రామమును దానము చేసి రాగిరేకులపై శాసనము వ్రాయించెను. లేంబులపాటకమున, అనగా నేటి వేములవాడలో, తన తండ్రి కట్టించిన జినాలయము యొక్క పోషణకై ఆ దానము జరిగెను. రేకులు మహారాష్ట్రములోని పర్భణిలో దొరకుటచే దానికి పర్భణి శాసనమను పేరు వచ్చినది. అందున్న కాలము శకవర్షములు 888, క్షయ సంవత్సరము.

ఈ రెండు చోట్లను ఒక విశేషము కనబడుచున్నది. సంవత్సరమును అంకెతో చెప్పిరి. మరల పేరుతోను చెప్పిరి. అంకె ఉండగా పేరెందుకు? పేరు అలంకారము కాదు. రాతిపై చెక్కిన అంకె వానకు ఎండకు అరిగిపోవచ్చును. ప్రతి వ్రాయు లేఖకుడు ఒక అంకెకు మారుగా మరియొకటి వ్రాయవచ్చును. అట్టి వేళ ఒకటి తప్పినను రెండవది సాక్షిగా నిలుచును. ఈ సాక్షిని విచారించుటకు కావలసిన గణితము కూడికయు, భాగహారమును మాత్రమే.

ప్రభవ మొదలుకొని అక్షయ వరకు సంవత్సరముల పేర్లు అరువది. అరువదవ దానినే శాసనములలో క్షయయని వ్రాయుదురు. పేర్లు ముగియగానే మరల ప్రభవతో ఆరంభమగును. దక్షిణాదిలో వాడుకలో నున్న లెక్క ప్రకారము, గడచిన శకవర్షముల సంఖ్యకు 12 కలిపి 60చే భాగింపవలెను. మిగిలిన శేషమే పేరుయొక్క వరుససంఖ్య. శేషము సున్న యైనచో అది అరువదవ పేరు. ఉత్తరాదిలో లెక్క వేరు; దానిని ఇక్కడ వాడరాదు.

సోమదేవుని 881కి 12 కలుపగా 893. దానిని 60చే భాగించిన 53 శేషించును. ప్రభవ నుండి లెక్కించిన 53వ పేరు సిద్ధార్థియే. రాగిరేకుల 888కి 12 కలుపగా 900, శేషము సున్న, అరువదవ పేరు క్షయ. రెండును సరిపోయినవి. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో కాకతి రుద్రదేవుని శాసనమున్నది. అందు శకవర్షములు 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారము, అనగా శనివారము, అని వ్రాసియున్నది. 1084కు 12 కలిపి 60చే భాగించిన శేషము 16. పదునారవ పేరు చిత్రభాను. చరిత్రకారులు నిర్ణయించిన తేదీ 1163 జనవరి 19; ఆ దినము శనివారమే.

శేషముతో ఇట్టి పని చేయుట పల్లెలలో అందరికిని తెలిసినదే. మంగళవారము అంగడి జరుగు ఊరిలో నేడు అంగడి అనుకొందము. నేటికి నూరవ దినము ఏ వారమగును? నూరు దినములను వేళ్లపై లెక్కించువారుండరు. నూటిలో ఏడులు పదునాలుగు పోగా రెండు మిగులును, కావున గురువారము. ఇక్కడ 100, 2 అను సంఖ్యలకు ఏడు దృష్ట్యా భేదము లేదు. రెండింటికిని శేషమొక్కటే. ఇట్టివానిని సమశేష సంఖ్యలనవచ్చును. రెండు సమశేష సంఖ్యల భేదము ఎల్లప్పుడును భాజకమునకు గుణిజమై యుండును. ఈ సంగతి మనసున నిలుపుకొనినచో ముందున్న దంతయు సులభమగును.

ఇప్పుడు ప్రశ్నను తిప్పి వేయవలెను. సంఖ్యనుండి శేషమును తెలిసికొనుట సులభము. శేషమునుండి సంఖ్యను తెలిసికొనగలమా?

సోమదేవుని గ్రంథములో 881 అను అంకె పోయి సిద్ధార్థియను పేరు మాత్రమే మిగిలినదనుకొందము. పేరు 53వది గనుక శకసంఖ్యను 60చే భాగించిన 41 శేషింపవలెను. అట్టి సంఖ్యలు 41, 101, 161 అని మొదలై 821, 881, 941 అని సాగుచునే యుండును. ఒక శేషమువలన ఒక సంఖ్య రాదు. అరువదేసి ఏండ్ల ఎడముతో ఒక వరుస వచ్చును. సోమదేవుడు తన కాలపు రాష్ట్రకూట చక్రవర్తి యగు మూడవ కృష్ణుని పేర్కొనినాడు గనుక 881 తప్ప మరియొకటి కుదరదని నిశ్చయింపవచ్చును. రాజు పేరు లేని చోట మరియొక శేషము కావలెను. రెండు భాజకములు, రెండు శేషములు ఉన్నప్పుడు ఆ రెండింటికిని ఒప్పు సంఖ్యను కనుగొను మార్గమునకు మన ప్రాచీనులు కుట్టకము అని పేరు పెట్టిరి. కుట్టుట యనగా దంచుట. పెద్ద సంఖ్యలను ధాన్యమువలె దంచి దంచి చిన్నవిగా చేయుటచే ఆ పేరు వచ్చినది.

ఈ మార్గమును మొదట గ్రంథస్థము చేసినవాడు ఆర్యభటుడు. క్రీస్తుశకము 499 నాటికి తనకు ఇరువది మూడేండ్లు నిండినవని ఆయన తన ఆర్యభటీయములో చెప్పుకొనెను. ఆ గ్రంథములోని గణితపాదమునకు చివరి రెండు శ్లోకములు దీనికి సంబంధించినవే. అవి మిక్కిలి సంక్షిప్తములు. వ్యాఖ్యానము లేక బోధపడవు. 629లో మొదటి భాస్కరుడు వానికి విపులమైన వ్యాఖ్య వ్రాసెను. ఆర్యభటుని జన్మస్థలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆయన అశ్మక జనపదమున పుట్టెనని కేరళీయుడగు నీలకంఠ సోమయాజి వ్రాసెను. అశ్మకము గోదావరీతీర దేశము. దాని రాజధానిని నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనుగా పలువురు గుర్తించిరి. అదే నిజమైనచో ఈ గణితమునకు మూలపురుషుడు ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములకు పొరుగువాడే యగును. ఐనను పొరుగువాడను మక్కువతో సందేహమును నిశ్చయముగా మార్చుకొనరాదు.

ఆర్యభటునకు ఇది వినోదమునకై కావలసినది కాదు. సూర్యచంద్రులును గ్రహములును తమతమ చక్రములలో తిరుగుచుండును. ఒక గ్రహము తన చక్రములో ఎచట నున్నదో చూచి, యుగారంభమునుండి ఎన్ని దినములు గడచినవో తెలిసికొనవలెను. పూర్తియైన చుట్లు కంటికి కనబడవు. మిగిలిన భాగము మాత్రమే కనబడును. కనబడు శేషమునుండి కనబడని లెక్కను రాబట్టుట జ్యోతిర్గణితమునకు ప్రాణము వంటిది.

దంచుట ఎట్లో తెలియుటకు మహావీరాచార్యుని అరటిపండ్ల లెక్క మంచి ఉదాహరణము. మహావీరుడు తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున గణితసారసంగ్రహమును రచించెను. వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకు సామంతులు. లెక్క ఇది: ఒక వనములో సమానమైన అరటిపండ్ల కుప్పలు 63 ఉన్నవి, విడిగా 7 పండ్లున్నవి. ఇరువది ముగ్గురు బాటసారులు వచ్చి వానినన్నిటిని మిగులు లేకుండ సమముగా పంచుకొనిరి. ఒక్కొక్క కుప్పలో ఎన్ని పండ్లు?

కుప్పలోని పండ్ల సంఖ్యను క అనియు, ఒక్కొక్కని వంతును చ అనియు అనుకొందము. అప్పుడు 63క + 7 = 23చ. ఒక్క సమీకరణమున రెండు తెలియని రాసులున్నవి. తరగతిలో నేర్చిన పద్ధతితో ఇది తేలదు. కాని ఇక్కడ ఒక నిర్బంధమున్నది: క, చ రెండును పూర్ణసంఖ్యలే కావలెను. ఆ నిర్బంధమే ఉపాయమును చూపును.

63లో 23 రెండు మారులు పోగా 17 మిగులును. కావున వంతు చ లో 2క ఇమిడియుండును. దానికి మించిన భాగమును ట అనుకొందము. అనగా చ = 2క + ట. దీనిని ప్రతిక్షేపించిన 17క + 7 = 23ట అగును. 63 పోయి 17 వచ్చినది. ఒక దంపు పూర్తియైనది. ఇప్పుడు 23లో 17 ఒక మారు పోగా 6 మిగులును. క = ట + త అనుకొనిన 17త + 7 = 6ట. మరల 17లో 6 రెండు మారులు పోగా 5 మిగులును. ట = 2త + ప అనుకొనిన 5త + 7 = 6ప. చివరకు 6లో 5 ఒక మారు పోగా 1. త = ప + య అనుకొనిన 5య + 7 = ప. ఇక దంచవలసినది లేదు. ఏలయన ప ముందు గుణకము లేదు. య ఏ పూర్ణసంఖ్య యైనను ప పూర్ణసంఖ్యయే.

అన్నిటికంటె సులభముగా య = 0 అని తీసికొందము. ప = 7. వెనుకకు నడచిన త = 7; ట = 14 + 7 = 21; క = 21 + 7 = 28; చ = 56 + 21 = 77. సరిచూడగా 63 × 28 = 1764; 7 కలిపిన 1771; ఇరువది ముగ్గురకు 77 చొప్పున 1771. లెక్క సరిపోయినది. కాని కుప్పకు 28 అనునది కనిష్ఠమైన ఉత్తరము కాదు. క నుండి 23ను, చ నుండి 63ను తీసివేసినను సమీకరణము చెడదు. అప్పుడు కుప్పకు 5 పండ్లు, వంతు 14. ఇదియే కనిష్ఠము. 5, 28, 51 అని 23 ఎడముతో ఉత్తరములు సాగును.

63, 23, 17, 6, 5, 1 అని దిగివచ్చిన సంఖ్యలను చూచిన విద్యార్థికి వెంటనే ఒక సంగతి స్ఫురింపవలెను. భాగహార పద్ధతిలో గరిష్ఠ సామాన్య భాజకమును కనుగొనునపుడు దిగు మెట్లే ఇవి. పాఠశాలలో గ.సా.భా.తోనే ఆగిపోవుదురు, కుట్టకమున మెట్లు దిగి, మరల ఎక్కవలెను. దిగుటలో ఉన్న ఓపిక ఎక్కుటలో లేకపోవుటచే చాలమంది తప్పుదురు.

మహావీరుని గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. దానికి సారసంగ్రహగణితమనియు, పావులూరి గణితమనియు పేర్లు. తెలుగు వాఙ్మయము ఇంకను బాల్యదశలో నున్న పదునొకండు, పండ్రెండు శతాబ్దములనాడే పురాణములతో పాటు లెక్కలును పద్యములకెక్కుట తెలుగువారు గర్వింపదగిన విషయము.

శేషములు రెండే కాక మూడున్నను భయపడనక్కరలేదు. మొదటి భాస్కరుడు తన వ్యాఖ్యలో ఒక లెక్క ఇచ్చెను. ఒక సంఖ్యను 8చే భాగించిన 5, 9చే భాగించిన 4, 7చే భాగించిన 1 శేషించును. ఆ సంఖ్య యేది? ముందు రెండింటిని మాత్రమే చూడవలెను. 8చే భాగించిన 5 శేషించు సంఖ్యలు 5, 13, 21 మొదలగునవి. వానిలో 9చే భాగించిన 4 శేషించునది 13. ఇక 8, 9ల లబ్ధము 72 గనుక, ఆ రెండు నియమములకు ఒప్పు సంఖ్యలన్నియు 13, 85, 157 అని 72 ఎడముతో నుండును. అనగా రెండు నియమములు కలిసి ఒక్క నియమమైనవి: 72చే భాగించిన 13 శేషింపవలెను. ఇప్పుడు మూడవదానిని చేర్చవలెను. 13ను 7చే భాగించిన శేషము 6, పనికిరాదు. 85ను 7చే భాగించిన శేషము 1. కావున ఉత్తరము 85. తరువాతిది 504 కలుపగా వచ్చు 589. ఇట్లు ఎన్ని నియమములున్నను రెండేసి చొప్పున కలుపుకొనుచు పోవచ్చును.

ఇప్పుడు సంవత్సరముల లెక్కకు మరలవచ్చును. ఒక పాత కాగితములో సర్వజిత్తు సంవత్సరము, అధిక శ్రావణ బహుళ చతుర్దశి, ఆగస్టు 15 అని మాత్రమే ఉండి, అంకెలున్న మూల చినిగిపోయినదనుకొందము. సర్వజిత్తు 21వ పేరు. 12 తీసివేయగా, శకసంఖ్యను 60చే భాగించిన 9 శేషింపవలెను. రెండవ సాక్షి అధికమాసము. పందొమ్మిది సంవత్సరములలో సుమారు 235 చాంద్రమాసములు ఇముడును. సంవత్సరమునకు పండ్రెండు చొప్పున 228 పోగా మిగిలిన ఏడును అధికమాసములు. కావున అదే తేదీకి అదే తిథి పందొమ్మిదేండ్లకు ఒకమారు వచ్చుచుండును. 1966, 1985, 2004, 2023 సంవత్సరములలో శ్రావణమే అధికమాసమైనది. వాని శకసంఖ్యలు 1888, 1907, 1926, 1945. నాలుగింటిని 19చే భాగించినను శేషము 7. శ్రావణము అధికమైనంత మాత్రమున శేషము 7 అని తొందరపడరాదు. 1958లోను అధిక శ్రావణమే. కాని ఆ యేట ఆగస్టు 15 అమావాస్య, శేషము 18. తిథియు తేదీయు కలిసియున్నప్పుడే సాక్ష్యము బలపడును.

కావున 60చే భాగించిన 9, 19చే భాగించిన 7 శేషించు సంఖ్య కావలెను. అనగా 60క + 9 = 19చ + 7; మార్చి వ్రాసిన 60క + 2 = 19చ. దంచుట ఆరంభింపవలెను. 60లో 19 మూడు మారులు పోగా 3; చ = 3క + ట అనుకొనిన 3క + 2 = 19ట. 19లో 3 ఆరు మారులు పోగా 1; క = 6ట + త అనుకొనిన 3త + 2 = ట. త = 0 అయినచో ట = 2, క = 12. సంఖ్య 60 × 12 + 9 = 729. 19 × 38 = 722కు 7 కలిపినను 729 వచ్చును. 60, 19ల లబ్ధము 1140. కావున తరువాతి సంఖ్య 729 + 1140 = 1869. దానికి 78 కలిపిన క్రీస్తుశకము 1947. ఆ తేదీ భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన దినము. నాడు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు ఇంకను నిజాము పాలనలోనే యుండెను. ఇక్కడి ప్రజలు మరియొక సంవత్సరము పైగా వేచియుండవలసి వచ్చెను.

పేరు ఒక్కటే ఉన్నచో 1887, 1947, 2007 అను మూడు సంవత్సరముల నడుమ సందేహము. 19 అను రెండవ భాజకము చేరగానే ఆ సందేహము తీరి, పదునొకండు వందల నలువది ఏండ్లకు ఒక్క సంవత్సరము మాత్రమే మిగిలినది. 60కిని 19కిని ఒకటి తప్ప సామాన్య భాజకము లేకపోవుటయే దీనికి కారణము.

సామాన్య భాజకమున్నచో ఏమగును? గోదావరి పుష్కరములను తీసికొందము. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు ధర్మపురి, మంథని, కాళేశ్వరము, బాసర తీరములన్నియు జనముతో నిండును. 1991, 2003, 2015లలో పుష్కరములు జరిగినవి. శకసంఖ్యలు 1913, 1925, 1937. పండ్రెండుచే భాగించిన మూడింటికిని శేషము 5. ఆ సంవత్సరముల పేర్లు ప్రజోత్పత్తి, స్వభాను, మన్మథ. వరుససంఖ్యలు 5, 17, 29. వీనిని పండ్రెండుచే భాగించినను శేషము 5. ఏలయన 12 అను సంఖ్య 60ని నిశ్శేషముగా భాగించును. కావున మన్మథయని ఒకడు చెప్పిన తరువాత, గోదావరి పుష్కరములు వచ్చిన యేడు అని రెండవవాడు చెప్పుటవలన క్రొత్తగా తెలిసినది లేదు. తెలిసినదానినే రెండవమారు చెప్పిన సాక్షి అతడు. అతని వలన మరియొక ప్రయోజనము మాత్రము కలదు. సర్వజిత్తులో గోదావరి పుష్కరములు వచ్చినవని ఈ కాలమును గూర్చి ఎవడైన చెప్పినచో, 21ని పండ్రెండుచే భాగింపగా 9 శేషించును గనుక, రెండు మాటలలో ఒకటి తప్పని తెలియును. అట్టి శేషములను ఎంత దంచినను పొట్టే కాని గింజ రాదు. భాజకములకు సామాన్య భాజకమున్నప్పుడు, శేషములు రెండును ఆ సామాన్య భాజకము దృష్ట్యా ఏకీభవించినగాని ఉత్తరముండదు.

ఇట్టి విచారణ ఇతర దేశములలోను జరిగినది. చీనాలో సున్ జు అను గణితజ్ఞుని గ్రంథమున 3, 5, 7లచే భాగించిన వరుసగా 2, 3, 2 శేషించు సంఖ్య యేదని అడిగిరి. అది 23. అక్కడనే 1247లో చిన్ జియుషావ్ దీనికి సమగ్రమైన పద్ధతిని వ్రాసెను. అందుచేతనే పాశ్చాత్యులు దీనిని చీనా శేష సిద్ధాంతమందురు. 1801లో జర్మను గణితజ్ఞుడు గౌస్ సమశేషత్వమునకు మూడు గీతల గుర్తును పెట్టి దానినొక శాస్త్రముగా రూపొందించెను. నేడు బ్యాంకు వ్యవహారముల వంటివానిని పరులు చదువకుండ రహస్యముగా పంపుటకు వాడు పద్ధతులలో, 1977లో కనుగొనబడిన ఆర్.ఎస్.ఎ. అనునది ఒకటి. అందు వందల అంకెలుగల లెక్కను రెండు చిన్న భాజకముల లెక్కలుగా విడదీసి చేసి, వచ్చిన రెండు శేషములను తిరిగి ఒకటిగా కలుపుట కలదు. కలుపు పని కుట్టకము చేయునదే.

ఒక జాగ్రత్త మాత్రము అవసరము. భాగహారము అబద్ధమాడదు, కాని దానికి ఇచ్చిన చక్రము నిజముగా అంతే పొడవు గలదా యని చూచుకొనవలెను. అరువది పేర్ల చక్రము మనుష్యులు ఏర్పరచినది. దక్షిణాది లెక్కలో అది వేయేండ్లయినను తప్పదు. పుష్కరముల పండ్రెండేండ్లు అట్టివి కావు. బృహస్పతి చుట్టు పండ్రెండేండ్లకు సుమారు ఏబది దినములు తక్కువ. పలు చుట్లు తిరుగునప్పటికి పుష్కరములు ఒక యేడు ముందునకు జరుగును. పందొమ్మిదేండ్ల చక్రమునకును, 235 చాంద్రమాసములకును నడుమ సుమారు రెండు గంటల భేదమున్నది. ఒకటి రెండు శతాబ్దములలో దానిని లక్ష్యపెట్టనక్కరలేదు. గంగాధరలో సోమదేవుడు వ్రాసిన 881ని 19చే భాగించి చూచినచో శేషము 7. 1869కిని శేషము 7. రెండింటి భేదము 988, అనగా సరిగా 52 పందొమ్మిదులు. ఐనను రెండు గంటలు ఏబదిరెండు మారులు పేరుకొనగా నాలుగు దినములకు మించును. కావున 1947 తిథులను పట్టుకొని 959 నాటి తిథులను చెప్పబూనిన, నాలుగు దినముల దూరమున తప్పుదుము. అంత వెనుకటి తిథులకు సూర్యచంద్రుల గతులను విడిగా గణింపవలసినదే.